పాటయా, వేలంపాటయా?

తెలుగు భాషలో 'పాట' అను మాటకు రెండర్థములు కలవు. గాయకుడు పాడునది యొకటి. వేలములో ధర పలుకుట రెండవది. బాపట్ల జిల్లాలోని నిజాంపట్నము రేవులో ఈ రెండవ పాటయే ఎక్కువగా వినబడును. పడవలు సముద్రమునుండి తిరిగివచ్చి చేపలను, రొయ్యలను ఒడ్డునకు దింపగనే వర్తకులు గుమిగూడుదురు. ఒకడొక ధర పాడును. వేరొకడు దానికి మించి పాడును. చివరకు ఎవని పాట నిలుచునో వాడు సొమ్ము చెల్లించి సరకు తీసికొని పోవును. వేలమున్న ప్రతి తావునను ఒక మాయకు కూడ చోటు కలదు. కొనవలెనన్న తలంపు లేక, అమ్మువాని పక్షమున గుంపులో నిలిచి, ధర పెంచుటకే పాడువాడు ఒక్కడున్నచో నిజముగా కొనగోరువాడు మోసపోవును. అతడు చేపను చూచి కాక, ప్రక్కవాని గొంతు విని వెల కట్టును.

నేటి సినిమా పాటల లోకమును గ్రహించుటకు ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు. చిత్రము విడుదల కాకముందే దాని పాట యొకటి యూట్యూబులో వెలువడును. మరునాటికే ఒక ప్రకటన చేతిఫోనులలో కనబడును: ఇరువది నాలుగు గంటలలో ఇన్ని లక్షల 'వ్యూస్', ఇన్ని లక్షల 'లైకులు', తెలుగు పాటలలో ఇదియే కొత్త రికార్డు అని. పూర్వము రికార్డు అనగా గ్రామఫోను ప్లేటు; నేడు రికార్డు అనగా ఒక అంకె. తెనాలిలోనో, రేపల్లెలోనో బడికి పోవు బాలుడు పాటను వినుటకు ముందే అంకెను వినుచున్నాడు. విన్న పిదప పాట నచ్చకపోయినచో లోపము తన చెవిలోనే ఉన్నదేమో యని అనుమానపడుచున్నాడు. ఈ అంకె దేనిని లెక్కించుచున్నది? ఎవరు లెక్కించుచున్నారు? అది తప్పైనచో నష్టపడువారెవరు? ఈ మూడు ప్రశ్నలను విచారించుట ఉపాధ్యాయులకును, విద్యార్థులకును అవసరము.

జనాదరణను పెంచి చూపవలెనను కోరిక కొత్తది కాదు. 19వ శతాబ్దములో ప్యారిస్ నగరపు ఒపెరా రంగశాలలో 'క్లాక్' అను పేర కిరాయి చప్పట్ల బృందముండెడిది. ఏ ఘట్టమున చేతులు చరచవలెనో, ఎచ్చట నవ్వవలెనో వారికి ముందే నిర్ణయింపబడెడిది. తెలుగు నాటకరంగమున 'వన్స్ మోర్' అను కేక జనాదరణకు కొలతగా నుండెడిది. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామవిలాస సభలో నటించి, స్త్రీ పాత్రధారణమున అఖండ ఖ్యాతి గడించి, 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావు వంటి నటుని చేత పాటను మరల మరల పాడించుకొనినవారు టిక్కెట్టు కొని ఎదుట కూర్చున్నవారే. ఆ కేకలలో నటుని మిత్రుల గొంతులు కొన్ని కలిసిన కలియవచ్చును. కాని తక్కిన సభ యంతయు కునికిపాట్లు పడుచుండగా మిత్రులు మాత్రమే 'వన్స్ మోర్' అన్నచో ఆ గుట్టు క్షణములో బయటపడును. లెక్కించువారును, లెక్కింపబడువారును ఒకే పందిరి క్రింద నుండిరి.

గ్రామఫోను వచ్చిన పిదప ఆ పందిరి చెదరిపోయెను. భారతదేశమున ధ్వనిముద్రణము 1902లో ఆరంభమైనది. కొలది యేండ్లకే కలకత్తాలో ప్లేట్లు తయారుచేయు కర్మాగారము నెలకొన్నది. నాటక పద్యములును, కీర్తనలును ప్లేట్ల రూపమున పట్టణమునుండి పల్లెకు చేరెను. పాడినవానికి తన పాటను ఎందరు వినిరో తెలియదు. విన్నవానికి ఇంకెందరు వినిరో తెలియదు. ఆ సంగతి కంపెనీ పుస్తకమునకు మాత్రమే ఎరుక. అంకెలతో ఆడుకొనుటకు అవకాశమిచ్చినది ఈ ఎడబాటే.

1942 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ, గ్లెన్ మిల్లర్ అను వాద్యబృంద నాయకునికి బంగారు పూత పూసిన ప్లేటు నొకదానిని బహూకరించెను. అతని ప్లేటు పన్నెండు లక్షల ప్రతులు అమ్ముడుపోయినందులకు అది సత్కారము. ఇచ్చినది ఆ ప్లేటు నమ్మిన కంపెనీయే. లెక్క చెప్పినదియు ఆ కంపెనీయే. 1958లో అమెరికా రికార్డింగు కంపెనీల సంఘము ఈ బంగారు ప్లేటునకు ఒక నియమమును, ఒక తనిఖీని ఏర్పరచెను. 1976లో బంగారమునకు పైమెట్టుగా ప్లాటినమును చేర్చెను. ఆల్బము ఐదు లక్షల ప్రతులైనచో బంగారము, పది లక్షలైనచో ప్లాటినము. తనిఖీ నిజమైనదే. కాని ఆ తనిఖీ కొలిచినది శ్రోత కొన్న ప్రతులను కాదు. కంపెనీ గిడ్డంగినుండి అంగళ్లకు పంపబడిన ప్రతులను.

పంపుటకును, అమ్ముటకును గల భేదమును నిజాంపట్నమువారికి ఎవరును బోధింప నక్కరలేదు. 1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బట్టల వర్తకమునకై వచ్చిన రేవు అది. ఓడ కెక్కించిన బట్ట యంతయు అమ్ముడుపోయిన బట్ట కాదని ఆనాటి గుమాస్తా ఎరుగును. ఐసు వేసి లారీ కెక్కించిన చేపల పెట్టెలన్నియు సొమ్ముగా మారి రావని నేటి వర్తకుడును ఎరుగును. అమెరికా కంపెనీలు మాత్రము 1978లో ఈ పాఠమును కష్టపడి నేర్చుకొనవలసి వచ్చెను. బీటిల్స్ బృందము పాటల ఆధారముగా నిర్మింపబడిన 'సార్జెంట్ పెప్పర్' చిత్రపు ఆల్బము ప్లాటినము మెట్టును దాటునంతటి సంఖ్యలో అంగళ్లకు పంపబడెను. చిత్రము ఆదరణ పొందలేదు. పెట్టెలు లక్షల ప్రతులతో గిడ్డంగికి తిరిగివచ్చెను. ప్లాటినముగా వెళ్లినది రెట్టింపు ప్లాటినముగా తిరిగివచ్చినదని వర్తకులలో చమత్కార మొకటి పుట్టెను.

బ్రిటనులో వేరొక మార్గము ప్రబలినది. వారము వారము వెలువడు పాటల పట్టికకు ఏయే అంగళ్లు లెక్కలు పంపునో కూపీ తీసి, కొన్ని కంపెనీల తరఫున మనుష్యులు ఆ అంగళ్లకే పోయి తమ ప్లేట్లను తామే కొనితెచ్చెడివారు. వేయి అంగళ్లలో అమ్ముడుపోవలసిన పని లేదు. లెక్క పంపు కొలది అంగళ్లలో అమ్ముడుపోయిన చాలును. పట్టికలో పేరెక్కిన పాటను రేడియోవారు పాడింతురు. రేడియోలో విన్నవారు నిజముగా కొందురు. ఈ విధముగా అబద్ధపు అంకె నిజమైన అంకెను కనుచుండెను. వేలములో కొనుట కిష్టము లేక పాడువాని పనియు అచ్చముగా ఇదియే.

లెక్క సరియైనప్పుడు ఏమి జరుగునో కూడ చరిత్రలో నిదర్శనము కలదు. 1991 మే నెలకు ముందు అమెరికాలోని 'బిల్‌బోర్డు' పత్రిక తన ఆల్బముల పట్టికను అంగడివారిని అడిగి తయారుచేసెడిది. వారు తమకు తోచిన వరుస చెప్పెడివారు. ఆ నెలలో 'సౌండ్‌స్కాన్' అను పద్ధతి ఆ పట్టికకు ఆధారమైనది. అంగడిలో ప్రతి అట్టమీది గీతల గుర్తును యంత్రము చదివి, అమ్మకమును నేరుగా లెక్కకు ఎక్కించెను. వెంటనే పట్టిక తలక్రిందులైనది. పల్లెపట్టుల 'కంట్రీ' పాటలును, నల్లజాతి యువకుల 'ర్యాప్' పాటలును పెద్దలు ఊహించినదానికంటె చాల ఎక్కువగా అమ్ముడుపోవుచున్నవని తేలినది. తప్పుడు లెక్క కొందరిని పైకెత్తుటయే కాక, మరికొందరిని కనబడకుండ తొక్కిపెట్టినదని ఆనాడు అందరికిని తెలిసెను.

తెలుగునాట క్యాసెట్ల కాలమున కథ మరింత చిక్కుపడినది. అసలు క్యాసెట్టు ప్రక్కనే నకిలీ క్యాసెట్టు అమ్ముడుపోయెడిది. వీధి చివరి అంగడిలో ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, కోరిన పాటలు వరుసగా ఎక్కించుకొను అలవాటు ప్రతి పట్టణమునను ఉండెడిది. కావున ఆ కాలమున కంపెనీ లెక్కలో కనబడిన దానికంటె పాట నిజముగా చేరిన ఇండ్లు ఎక్కువ. అంకె పెంపబడుట ఒక అబద్ధము. అంకె తరిగిపోవుట మరియొక అబద్ధము. ఆ నకిలీ క్యాసెట్టు వలన కవికి గాని, గాయకునికి గాని కాసు రాలలేదు.

తరువాత క్యాసెట్లు పోయి సీడీలు వచ్చెను; చేతిఫోనుల ధాటికి సీడీలును క్షీణించెను. చిత్రమేమనగా, అమ్మకములు పడిపోవుచున్న ఆ యేండ్లలోనే తెలుగు సినిమాలకు 'ప్లాటినం డిస్క్' ఉత్సవములు వెల్లివిరిసినవి. పాటలు వెలువడిన కొలది దినములకే, పలుమారు చిత్రము విడుదలకు ముందే, వేదికపై అందరికిని మెరయు పళ్లెరములు పంచిపెట్టబడెడివి. ఎన్ని ప్రతులకు ఆ పళ్లెరమో, వాటిని ఎవరు తనిఖీ చేసిరో సభలో అడిగినవారు అరుదు. ఖాళీ కుర్చీలకు చిత్రము నాడించి శతదినోత్సవపు పోస్టరు వేయుట ఎరిగిన పరిశ్రమకు ఇది విడ్డూరముగా తోచలేదు. కొలతకై పుట్టిన ప్లాటినము ఇచ్చట పండుగకు అలంకారమైపోయినది.

నేటి యూట్యూబు లెక్క యంత్రము పెట్టు లెక్క. కావున అందు మాయకు తావు లేదని సామాన్యుడు తలచుట సహజము. యంత్రము అబద్ధమాడదు, కాని అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నదో తెలిసికొనవలెను. ఒకే బాలుడు ఒక పాటను నూరు మారులు పెట్టుకొనినచో అది నూరుగురు శ్రోతలు కాదు. అంతకంటె ముఖ్యమైనది ప్రకటనల సంగతి. వేరొక వీడియో చూడబోవువాని ఎదుట ఈ పాటను ప్రకటనగా నడిపింపవచ్చును. వాడు దాటవేయక ముప్పది సెకనులు చూచినచో అదియు ఒక వీక్షణముగా లెక్కకు వచ్చును. వాడు పాటను కోరి వచ్చినవాడు కాడు. త్రోవలో అడ్డుపడిన పాటను చూచినవాడు. కోరి విన్నదియు, అడ్డుపడి చూపినదియు ఒకే కుప్పలో పడుచున్నవి.

2019 జూలైలో 'పాగల్' అను హిందీ ర్యాప్ పాట వెలువడిన ఇరువది నాలుగు గంటలలో ఏడున్నర కోట్ల వీక్షణములు పొందినదని ప్రకటింపబడెను. కొరియా దేశపు సుప్రసిద్ధ బృందము బి.టి.ఎస్. నెలకొల్పిన రికార్డును అది మించినట్లే. అందు ప్రకటనల ద్వారా వచ్చిన వీక్షణములకు పెద్ద పాలు కలదని బయటపడినది. అది ఆనాటి నియమమునకు విరుద్ధము కాదు, నియమమే అట్టిది. ఐనను యూట్యూబు సంస్థ ఆ రికార్డును చాటలేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో, తొలి ఇరువది నాలుగు గంటల రికార్డులకు ప్రకటనల వీక్షణములను ఇకమీదట లెక్కింపబోమని ప్రకటించెను. కాని పాట క్రింద కనబడు మొత్తపు అంకెలో అవి కలిసియే యున్నవి. పోస్టరుల మీది కెక్కునది ఆ మొత్తపు అంకెయే.

తెలుగు పరిశ్రమలోనివారికి ఈ సంగతి తెలియనిది కాదు. 2025లో 'తమ్ముడు' చిత్రపు ప్రచార సందర్భమున నిర్మాత దిల్ రాజు, తన చిత్రమునకు వీక్షణములను కొనవద్దని, నిజముగా ఎందరు చూచుచున్నారో తెలియనిండని తనవారికి చెప్పినట్లు బహిరంగముగా పలికెను. మెచ్చదగిన మాటయే. కాని 'కొనవద్దు' అను మాట పుట్టవలెనన్నచో కొనుట యను ఆచారము ఉండియే తీరవలెను. ఇంటిలోనివారే తలుపు తెరచి చూపినప్పుడు బయటివారు కిటికీలో తొంగిచూడ నక్కరలేదు.

ఐనను రెండవ పక్షమువారి వాదమును కూడ వినుట న్యాయము. ప్రకటన పాపము కాదు. ఎంత మంచి పాట యైనను చెవికి చేరనిదే మెప్పు పొందదు. నాటకమునకు కరపత్రము పంచినట్లే పాటకు ప్రకటన. పైగా ప్రకటింపబడిన పాటలన్నియు పొల్లు కావు. 2020 జనవరిలో విడుదలైన 'అల వైకుంఠపురములో' చిత్రమునకు తమన్ కూర్చిన పాటలకు పోస్టరులమీద కోట్ల అంకెలు వెలసినవి. కాని ఆ పాటల ఆదరణకు పోస్టరుతో నిమిత్తము లేని సాక్ష్యములు కూడ కలవు. అదే యేడు లాక్‌డౌన్ కాలమున ఆస్ట్రేలియా క్రికెట్ ఆటగాడు డేవిడ్ వార్నర్ తన ఇంటిలో భార్యతో కలిసి 'బుట్టబొమ్మ' పాటకు నృత్యము చేసి లోకమునకు చూపెను. అంతటి ఆదరణ గల పాటకు అంకె ఊతకర్ర అక్కరలేదు. దుఃఖకరమైన విషయ మేమనగా, కొన్న అంకెలు పెరిగిన కొలది నిజముగా సంపాదింపబడిన అంకెలను కూడ జనులు నమ్మని స్థితి వచ్చును. దొంగ నాణెము చెలామణి యైన సంతలో మంచి నాణెమును కూడ కొరికి చూతురు.

కావున ప్రశ్న ప్రకటనను గురించినది కాదు; దాపరికమును గురించినది. అమెరికాలో కంపెనీలు రేడియోవారికి రహస్యముగా డబ్బిచ్చి తమ ప్లేట్లను వేయించుకొను 'పేయోలా' వ్యవహారము బయటపడినప్పుడు, 1960లో చేసిన చట్టము డబ్బు పుచ్చుకొనుటను పూర్తిగా నిషేధింపలేదు. పుచ్చుకొనిన సంగతిని శ్రోతలకు చెప్పవలెనని శాసించెను. దాచుటను నేరము చేసెను. ఇన్ని వీక్షణములు కోరి వచ్చినవి, ఇన్ని ప్రకటనల వలన వచ్చినవి అని రెండు పంక్తులలో చెప్పినచో పోస్టరు పాడైపోదు.

ఇక నష్టపడువారెవరు? అంకె పెంచిన నిర్మాత తన సొమ్మే పోగొట్టుకొనును గదా యని కొందరందురు. అది సగము నిజము. 2012లో భారతదేశపు కాపీరైటు చట్టము సవరింపబడి, పాట సినిమాహాలులో చిత్రముతో కాక ఇతర విధముల వినియోగింపబడినప్పుడు పాట వ్రాసిన కవికిని, స్వరపరచినవానికిని రాయల్టీలో సమానభాగము లభింపవలెనని నిర్ణయింపబడెను. ఆ హక్కును వారసులకు గాని, హక్కుల సంఘమునకు గాని తప్ప ఇతరులకు వ్రాసి యిచ్చుటకు వీలులేదు. పూర్వము ఒక్కమారు పుచ్చుకొనిన మొత్తముతో తృప్తిపడవలసిన కవికి ఇది పెద్ద మేలు. కాని ఈ మేలు చేతికి వచ్చుటకు పాట ఎన్నిమారులు వినబడినదో సరియైన లెక్క కావలెను. గోడమీది అంకె వేరు, ఖాతా పుస్తకములోని అంకె వేరు. మొదటిది లోకమున కంతకును కనబడును. రెండవదానిని చూచువారు కొలదిమంది. కవి కూడు రెండవదానిపై ఆధారపడియున్నది.

స్పాటిఫై వంటి సంస్థలలో ఈ నష్టము మరింత స్పష్టముగా కనబడును. చందాదారుల సొమ్మును, ప్రకటనల సొమ్మును ఒక రాశిగా పోసి, మొత్తము వినికిడిలో ఏ పాటకు ఎంత పాలో ప్రధానముగా ఆ లెక్కననుసరించి హక్కుదారులకు పంచుదురు. నిజాంపట్నము పడవలో ఖర్చులు పోగా మిగిలినదానిని వాటాలుగా పంచుకొనుట వంటిదే ఇది. వలను తాకనివాడు వాటాకు నిలిచినచో వల లాగినవాని వాటా తరుగును. 2024 సెప్టెంబరులో అమెరికాలోని నార్త్ కరోలినా వాసి యొకనిపై ఇట్టి అభియోగమే మోపబడెను. కృత్రిమ మేధతో లక్షల సంఖ్యలో పాటలు పుట్టించి, వాటిని యంత్రపు ఖాతాలచే 'వినిపించి', కోటి డాలర్లకు పైగా రాయల్టీ రాబట్టెనని అధికారులు ఆరోపించిరి. ఆ సొమ్ము ఆకాశమునుండి పడినది కాదు. ఎక్కడనో ఒక పల్లెలో జానపదము పాడి పదివేల మందికి నిజముగా వినిపించిన గాయని వాటాలోనిది కూడ అందు కొంత యుండును.

బడిలో ఈ విషయమును గణిత పాఠముగను, భాషా పాఠముగను చెప్పవచ్చును. పాటల అంకె కనబడినప్పుడు విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేయుట నేర్వవలెను. లెక్కింపబడినది ఏమి: పంపిన ప్రతియా, కొన్న ప్రతియా, ముప్పది సెకనుల చూపా? లెక్కించినది ఎవరు: అమ్మువాడా, ఇతరుడా? అందు డబ్బిచ్చి తెచ్చిన భాగమెంత? ఆ అంకె ప్రకారము పాటగాళ్లకు చెల్లింపు జరుగుచున్నదా, లేక అది పోస్టరునకు మాత్రమేనా? ఈ ప్రశ్నలు పాటలతో ఆగిపోవు. ఫలితముల ప్రకటనలలో పాఠశాలలు చాటుకొను ర్యాంకులకును, సభకు వచ్చిన జనము లక్షలని చెప్పు నాయకుల మాటకును ఇవియే వర్తించును. వార్షికోత్సవమునకు పాట ఎన్నుకొనునప్పుడు 'దీనికి ఎన్ని వ్యూస్?' అని అడుగు పిల్లవానిని, 'ఇందులో నీకు నచ్చిన మాట యేది?' అని తిరిగి అడిగిన ఉపాధ్యాయుడు సగము పాఠము చెప్పినవాడగును.

ఘంటసాల వేంకటేశ్వరరావు గానము చేసిన భగవద్గీతను హెచ్.ఎం.వి. సంస్థ ఆయన మరణానంతరము 1974లో వెలువరించెను. అర్ధశతాబ్దము దాటిన పిదపను ఆంధ్రదేశపు పల్లెలలో అది దేవాలయపు మైకులో వినబడుచున్నది. ఒక ఇంట మరణము సంభవించినప్పుడు ఆ వాకిటను వినబడుచున్నది. ఆ వాకిట నిలిచి విన్నవారిని ఏ యంత్రమును లెక్కింపలేదు. ఐనను ఆ కంఠమునకు గల ఆదరణను శంకించువారు తెలుగునాట లేరు. తొలినాటి అంకె మరునాటికి పాతబడును. ఏబది యేండ్ల తరువాత ఎవరును అడుగకయే పెట్టుకొను పాటకు పోస్టరుతో పని యుండదు.

రేవులో అనుభవజ్ఞుడైన వర్తకుడు ప్రక్కవాడు ఎంత గట్టిగా పాడినను ముందు వంగి చేప మొప్పను ఎత్తి చూచును. ఎఱ్ఱగా నున్నచో కొనును. రంగు మారియున్నచో వెనుకకు జరుగును. ఆ తరువాతనే అతడు ధర పలుకును. పాటలు వినువారును ముందు విని, ఆ పిదప అంకె చూచుట అలవరచుకొనవలెను.